ఇంజన్ ఆగాక మిగిలేది ఎత్తే

ఒంటి ఇంజన్ విమానంలో ఇంజన్ ఆగితే విమానం రాయిలా పడిపోదు, జారుతూ దిగుతుంది. శిక్షణలో ఎక్కువగా వాడే సెస్నా 172ను 65 నాట్లు, అంటే గంటకు 120 కిలోమీటర్ల వేగంలో నిలిపితే, గాలి లేనప్పుడు వెయ్యి అడుగుల ఎత్తు కోల్పోయేలోగా రెండున్నర కిలోమీటర్లకు పైగా ముందుకు పోతుంది. పైలట్ మొదటి పని ఆ వేగం పట్టుకోవడం, రెండోది దిగే చోటు చూసుకోవడం. ఇంజన్‌ను మళ్లీ నడిపించే ప్రయత్నం ఆ తర్వాతే: ఇంధనం వాల్వు, మిక్స్చర్, మాగ్నెటోలు, కార్బ్యురేటర్ ఉన్న ఇంజన్లలో కార్బ్యురేటర్ హీట్. కార్బ్యురేటర్‌లో మంచు అంటే హైదరాబాదీలకు నవ్వు రావచ్చు. కానీ తేమ నిండిన వానాకాలపు గాలిలో, బయట 25 డిగ్రీలున్నా, పెట్రోలు ఆవిరయ్యే చలువకు లోపల మంచు కడుతుంది. ఇవయ్యాకే రేడియోలో మేడే పిలుపు, ట్రాన్స్‌పాండర్‌పై ఆపద కోడ్ 7700.

ఈ విద్యలోని అసలు కష్టం, హైదరాబాద్‌లో నాంపల్లి మీద ఇంజన్ ఆగిందనుకుని లెక్క వేస్తే తెలుస్తుంది. బేగంపేట రన్‌వే నాంపల్లి స్టేషన్‌కు ఉత్తరాన సుమారు ఏడు కిలోమీటర్లు. అంత దూరం జారడానికి నేల నుంచి 2,600 అడుగులైనా కావాలి. నగరం సముద్ర మట్టానికి 1,700 అడుగులకు పైనే ఉంది కాబట్టి, అల్టిమీటర్ 4,000 చూపిస్తున్నా కాళ్ల కింద ఉన్నది 2,300 లోపే. చాలదు. పైగా రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది. దక్షిణం నుంచి వచ్చేవాడు చివర్లో తిరగాలి, ఆ మలుపు ఇంకొంత ఎత్తును మింగుతుంది.

మధ్యలో దిగుదామా అంటే పబ్లిక్ గార్డెన్స్ నిండా చెట్లు. పదిహేను మీటర్ల అడ్డు దాటి దిగి ఆగడానికి ఈ విమానానికి దాదాపు 400 మీటర్లు కావాలి. ఎల్‌బీ స్టేడియంలో అంత లేదు. ఆబిడ్స్ రోడ్ల సంగతి చెప్పనక్కర్లేదు. మిగిలేది హుస్సేన్‌సాగర్. చక్రాలు లోపలికి ముడుచుకోని విమానం నీళ్లను తాకగానే తలకిందులు కావచ్చు. అయినా జనం మీద పడటం కంటే చెరువే నయం.

అందుకే జనసమ్మర్దం ఉన్న ప్రాంతాలపై అంతర్జాతీయ నిబంధన రెండు షరతులు పెట్టింది. 600 మీటర్ల పరిధిలోని అతి ఎత్తయిన అడ్డంకికి 300 మీటర్లు పైన ఎగరాలి. ఆపద వస్తే కింది మనుషులకు, ఆస్తికి ముప్పు లేకుండా దిగగలిగే ఎత్తూ ఉండాలి. నాంపల్లి మీద మొదటిది ఎందుకూ కొరగాదు, రెండోదే లెక్క.

ఊరు దాటితే పొలాలు. కోత కోసిన మడి మంచిదే, గట్లకు అడ్డంగా కాక వాటి వెంబడి దిగాలి. గాలికి ఎదురుగా దిగితే నేలను తాకే వేగం తగ్గుతుంది. కరెంటు తీగలు పైనుంచి కనబడవు, స్తంభాలను వెతకాలి. చోటు ఖాయమయ్యాక ఇంధనం, ఇగ్నిషన్ ఆపి, దెబ్బకు బిగుసుకుపోకుండా తలుపులు ముందే తెరిచి ఉంచుతారు.

పొలాల్లో పడినా, దిగినా బతికి బయటపడినవాళ్లున్నారు. 2018 నవంబరు 21న హైదరాబాద్ దగ్గర శంకర్‌పల్లి మండలం మోకిల పొలాల్లో శిక్షణ విమానం కూలింది. ఒంటరిగా నడుపుతున్న ట్రైనీ గాయాలతో బయటపడ్డాడు. అంతకు రెండున్నరేళ్ల ముందు, 2016 మే 24న, పాట్నా నుంచి ఢిల్లీకి రోగిని తెస్తున్న కింగ్ ఎయిర్ విమానం రెండు ఇంజన్లూ ఆగి నజఫ్‌గఢ్ దగ్గర పొలంలో దిగింది. అందులోని ఏడుగురూ బతికారు.