‘వినిమయం’ అనే మాట సరిపోతుందా? క్రాస్బీ గ్రంథంపై ఒక పరిశీలన

1492 తర్వాత అట్లాంటిక్‌కు ఇరువైపులా పంటలు, పశువులు, వ్యాధులు వ్యాపించిన తీరును ‘కొలంబియన్ వినిమయం’ అంటున్నాం. ఈ పేరు ఆల్ఫ్రెడ్ క్రాస్బీ 1972లో ప్రచురించిన గ్రంథం నుంచి వచ్చింది. అంతవరకు నావికులు, రాజులు, యుద్ధాల కథగా చెప్పిన చరిత్రలోకి ఆయన పందిని, మొక్కజొన్నను, మశూచిని తెచ్చారు. మిరపకాయ, వేరుశనగ, టమాటా, చివరకు సీతాఫలం కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవేనని తెలిస్తే మనకు ఆశ్చర్యం కలుగుతుంది. ఆ ఆశ్చర్యమే ఈ గ్రంథానికి పెద్ద బలం. చిక్కు కూడా అక్కడే ఉంది.

వినిమయం అంటే ఇచ్చిపుచ్చుకోవడం. హిస్పానియోలా దీవిలో అలా జరిగిందా? (నేటి హైతీ, డొమినికన్ రిపబ్లిక్ దేశాలు ఈ దీవిలోనే ఉన్నాయి.) 1493లో కొలంబస్ 17 ఓడలతో రెండోసారి వచ్చినప్పుడు గుర్రాలు, పశువులు, పందులు, గోధుమ విత్తనాలు, చెరకు తెచ్చాడు. ఆ వేడికి గోధుమ నిలవలేదు. పందులు మాత్రం అడవి పట్టి విపరీతంగా పెరిగి, స్థానికులైన తైనోల కర్రపెండలం చేలమీద పడ్డాయి. పశువులు పంటలను పాడుచేసిన సంగతిని క్రాస్బీ మూడో అధ్యాయంలో చక్కగా చూపుతారు. గ్రంథంలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం అదే.

రెండో అధ్యాయం దగ్గర మాత్రం కొంత ఆగాలి. స్థానిక జనం నశించడానికి ముఖ్యకారణం వ్యాధులేనని, వాటిలో మశూచి ప్రధానమని అక్కడి వాదన. మెక్సికో విషయంలో దీనికి బలం ఉంది. 1520లో మశూచి తెనోచ్‌తిత్లాన్ నగరాన్ని పట్టి పీడించింది, పాలకుడు క్విత్లావాక్ దానితోనే మరణించాడు, మరుసటి ఏడాది నగరం స్పెయిన్ సేనల వశమైంది. హిస్పానియోలాకు మశూచి చేరింది 1518 చివర్లో. అయితే 1514లో స్పెయిన్ అధికారులు స్థానికులను కూలికి పంచుకున్నప్పుడు చేసిన లెక్కలో మిగిలినవారు సుమారు 26 వేలే. 1492 నాటి జనాభాపై అంచనాలు లక్ష నుంచి అనేక లక్షల వరకు ఉన్నాయి. అతి తక్కువ అంచనాను తీసుకున్నా, మశూచి రాకముందే నాలుగింట మూడు వంతుల మంది లేరు. వేరే వ్యాధులు లేవని కాదు. కానీ మూడు నెలలకోసారి బంగారం కప్పం కట్టాలనడం, గనుల్లో వెట్టి, సేద్యం చేసే చేతులు లేక వచ్చిన ఆకలి, వీటిని పక్కన పెట్టి లెక్క కుదరదు. క్రాస్బీ ఈ క్రౌర్యాన్ని దాచలేదు. బరువు మాత్రం సూక్ష్మజీవి మీదే మోపారు. సూక్ష్మజీవిని ఎవరూ నిందించలేరు కదా! డేవిడ్ జోన్స్ వంటి చరిత్రకారులు ఆ తర్వాత అభ్యంతరం చెప్పింది ఈ ధోరణికే.

క్రాస్బీ తానే 1976లో రాసిన వ్యాసంలో ఈ లోటును కొంత పూడ్చారు. ఇంటిల్లిపాదీ ఒకేసారి మంచాన పడితే నీళ్లిచ్చేవారు, గంజి కాచేవారు ఉండరు. అందువల్ల కూడా మరణాలు పెరుగుతాయి. వెట్టికి మనుషులను తోలుకుపోయిన ఊళ్లలో రోగిని చూసుకునేది ఎవరు?

ఆఫ్రికా గురించి గ్రంథం చెప్పేది చాలా తక్కువ. కొలంబస్ తెచ్చిన చెరకు పెద్ద తోటలుగా మారడానికి బానిసల శ్రమ కావలసి వచ్చింది. నాలుగు శతాబ్దాల కాలంలో ఓడల్లోకి ఎక్కించిన ఆఫ్రికన్లు సుమారు 1.25 కోట్లమంది. పంటల పట్టికలో చెరకును రాసేటప్పుడు వీరిని ఏ గడిలో రాయాలో ‘వినిమయం’ అనే మాట చెప్పదు.