బొటనవేలు నిలబెట్టే పాట

1992 వేసవిలో బాబ్ డిలన్ మాలిబూలోని తన ఇంటి గ్యారేజీలో కూర్చుని పదమూడు పాత పాటలు పాడాడు. గిటారు, మౌత్ ఆర్గాన్ తప్ప ఇంకో వాయిద్యం లేదు. ఒక్క పాట కూడా తను రాసింది కాదు. అదే 'గుడ్ యాజ్ ఐ బీన్ టు యూ' ఆల్బమ్. మరుసటి ఏడాది అదే గ్యారేజీలో ఇంకో పది పాటలు, 'వరల్డ్ గాన్ రాంగ్' పేరుతో. అప్పటికి ముప్పయ్యేళ్లుగా ప్రపంచమంతా అతని పాటలను తిరిగి పాడుతూ కవర్లు చేస్తోంది. ఆ మనిషి మాత్రం కుర్రతనంలో గిటారు పట్టించిన జానపదాల దగ్గరికే తిరిగి వెళ్లాడు. గొంతు గరగరలాడుతుంది, అక్కడక్కడా తీగ బుస్సుమంటుంది, ఒకచోట లయ తొందరపడుతుంది. దేన్నీ దిద్దలేదు. రెండో ఆల్బమ్‌కి గ్రామీ కూడా వచ్చింది. ఇంట్లో ఎకూస్టిక్ గిటారు పట్టుకుని పాత పాట రికార్డు చేద్దామనుకునే ప్రతివాళ్లకీ ఈ రెండూ పెద్దబాలశిక్ష.

ఇక విద్య సంగతికొస్తే, అదంతా కుడిచేతి బొటనవేల్లో ఉంది. గిటారు కొన్నవాళ్లు ముందుగా నేర్చేది నాలుగు కార్డ్‌లు పట్టి పైకీ కిందికీ గీకడం. దాంతో పాట నడిచిపోతుంది, నిజమే. కానీ గొంతు ఆగిన క్షణంలో గిటారు దగ్గర చెప్పడానికి ఏమీ మిగలదు. జానపద గిటారు పద్ధతిలో బొటనవేలు మంద్ర తీగల మధ్య మారుతూ ఆగకుండా నడుస్తుంది. చూపుడువేలు, మధ్యవేలు సన్న తీగల మీద పాట వరస పలుకుతాయి. సి కార్డ్ పట్టారనుకోండి. బొటనవేలు ఐదో తీగ, నాలుగో తీగ, ఆరో తీగ, మళ్లీ నాలుగో తీగ మీటాలి. ఎవరితోనో మాట్లాడుతున్నా ఈ నాలుగు దెబ్బలూ తప్పకుండా పడేదాకా మిగతా వేళ్లకు పని చెప్పకూడదు. ఆ తర్వాత వరసలోని ఒక్కో స్వరాన్నీ పట్టుకుని చూసుకోవాలి, ఇది బొటనవేలి దెబ్బతో కలిసి పడాలా, రెండు దెబ్బల నడుమ పడాలా అని. ఆ నడుమ పడే స్వరాల్లోనే ఊపంతా ఉంది. మిసిసిపీ జాన్ హర్ట్ 1928 నాటి రికార్డులు వినండి, వాయించేది ఒక్కడే అంటే నమ్మబుద్ధి కాదు. ఆ రికార్డుల తర్వాత ఆయన్ని లోకం మరిచిపోయింది. ముప్పయ్యయిదేళ్లు పొలం పనుల్లో గడిపాడు. 1963లో ఒక అభిమాని ఆయన పాటలో వినిపించే ఊరి పేరు పట్టుకుని వెదుక్కుంటూ వెళ్తే అక్కడే ఉన్నాడు. గిటారు చేతికిచ్చారు. ఆ బొటనవేలు నడక మరిచిపోలేదు.

నాకు అందరికంటే మిన్న ఎలిజబెత్ కాటన్. నార్త్ కరోలినాలో పుట్టిన నల్లజాతి మహిళ, ఎడమచేతి వాటం. తీగలు మార్చకుండా గిటారునే తిరగేసి పట్టుకుంది. దాంతో లోకమంతా చేసేది ఆవిడ దగ్గర తలకిందులైంది: మంద్రాన్ని వేళ్లు నడిపిస్తాయి, బొటనవేలు పాడుతుంది. పదకొండు, పన్నెండేళ్ల వయసులో కట్టిన 'ఫ్రైట్ ట్రైన్' ఇవాళ్టికీ ఈ విద్యలో చేరే ఎంతోమందికి తొలి పాఠం. పెళ్లి, చర్చి, చాకిరీ, వీటి మధ్య దశాబ్దాలపాటు ఆవిడ గిటారు ముట్టనే లేదంటారు. వాషింగ్టన్‌లో ఒక దుకాణంలో తప్పిపోయిన పిల్లను తల్లికి అప్పగించిన పుణ్యాన సీగర్ కుటుంబంలో పనికి కుదిరింది. అది సంగీతజ్ఞుల ఇల్లు. గోడకున్న గిటారు తీసి వాయిస్తుంటే ఆ ఇంటివాళ్లు విని నిర్ఘాంతపోయారు. ఆ ఇంటి అబ్బాయి మైక్ సీగర్ 1950ల చివర్లో ఆవిడ ఇంట్లోనే టేపు మీద రికార్డు చేస్తే ఫోక్‌వేస్ రికార్డుల సంస్థ విడుదల చేసింది. తొంభై దాటాక గ్రామీ అందుకుంది. మొదటి సౌండ్ చెక్ నుంచి చివరి మిక్స్ దాకా లక్షలు పోసి చేసిన ఆల్బమ్‌లు ఎన్నో విన్నాను. ఆ ఇంటి టేపులో ఉన్న చనువు వాటిలో లేదు.

ఇంగ్లండ్‌లోనూ ఇదే కథ. గిటారు వాద్యకారుడు బర్ట్ జాన్ష్ 1965లో వచ్చిన తన తొలి ఆల్బమ్‌ని లండన్‌లో నిర్మాత బిల్ లీడర్ ఇంట్లో, అరువు తెచ్చుకున్న గిటారుతో రికార్డు చేశాడు. వంద పౌండ్లకు అమ్ముడుపోయిన ఆ టేపు ఒక తరం గిటారు వాద్యకారులకు గురువైంది. అతని 'బ్లాక్‌వాటర్‌సైడ్' పాట గాయని ఆన్ బ్రిగ్స్ నోట విని నేర్చింది. దానికి కట్టిన గిటారు మాత్రం పూర్తిగా అతనిది. వరస ఒక దారిన పోతుంటే మంద్రం ఇంకో దారిన పోయి, చరణం చివర రెండూ ఢీకొన్నట్టు కలుస్తాయి. 1969లో రాక్ బృందం లెడ్ జెప్పెలిన్ తొలి ఆల్బమ్‌లో జిమ్మీ పేజ్ పేరుతో వచ్చిన 'బ్లాక్ మౌంటెన్ సైడ్' విని, ఆ వెంటనే జాన్ష్ వాయించింది వినండి. ఏది ఎక్కడినుంచి వచ్చిందో తీర్పు మీకే వదిలేస్తాను. నా తీర్పు మాత్రం ఎప్పుడో అయిపోయింది.

వీళ్లందరిలో నిక్ జోన్స్ గురించి చెప్పకపోతే పాపం చుట్టుకుంటుంది. తీగను మీటుతూనే చేత్తో తీగల మీద దెబ్బ వేసి తాళం పుట్టించేవాడు. మద్దెల వాయించేవాడు పక్కన ఉన్నాడేమో అనిపించేది. 1980లో వచ్చిన 'పెంగ్విన్ ఎగ్స్' కంటే గొప్ప జానపద గిటారు ఆల్బమ్ నేను వినలేదు. 1982లో కారు ప్రమాదం ఆ చేతిని మననుంచి లాగేసుకుంది. ఆ ఆల్బమ్‌లో మొదటి పాట 'కెనడీ ఐ ఓ'నే డిలన్ ఆ గ్యారేజీలో పాడాడు. అట్ట మీద జోన్స్ పేరు లేదు. ఐరిష్ గాయకుడు పాల్ బ్రేడీ తీర్చిదిద్దిన 'ఆర్థర్ మెక్‌బ్రైడ్' పాడాడు, ఆ పేరూ లేదు. విమర్శలు వచ్చాయి, రావలసిందే. రెండో ఆల్బమ్ అట్ట మీద ఏ పాట ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో డిలన్ స్వయంగా రాశాడు. ఇంగ్లిష్ జానపద గాయకుడు మార్టిన్ కార్తీ దగ్గర 'స్కార్బరో ఫెయిర్' నేర్చుకుని లోకప్రసిద్ధం చేసిన పాల్ సైమన్‌కి ఆ బాకీ తీర్చడానికి 2000 దాకా పట్టింది. ఆ ఏడాది లండన్ కచేరీలో కార్తీని పిలిచి ఇద్దరూ కలిసి పాడారు.

రికార్డింగుకు కావలసిన సరంజామా కొద్దిగానే. ఒక మైకు చాలు. అది లేకపోతే ఫోను, విమానం మోడ్‌లో పెట్టి. మైకును గిటారు నోటికి ఎదురుగా పెట్టకండి, మంద్రమంతా గుమ్ముమని మూసేస్తుంది. పన్నెండో మెట్టు (ఫ్రెట్) దగ్గర, జానెడు దూరంలో, కొంచెం ఏటవాలుగా పెట్టండి. గొంతు ఎక్కువైతే ఏ మీటా తిప్పక్కర్లేదు, మైకును కాస్త దించండి. బట్టల బీరువా తలుపులు తీసిపెట్టి దాని ముందు కూర్చోండి, గది మోత తగ్గుతుంది. ఫ్యాను ఆపాలి, ఇన్వర్టర్ గుయ్యిమనకుండా చూసుకోవాలి, కింద బోరు మోటారు వేసే వేళ తెలిసి ఉండాలి. మన ఊళ్లలో తెల్లవారుజామున నాలుగు, ఐదు మధ్య దొరికే నిశ్శబ్దానికి సాటి లేదు. ఆపైన పాట మొదలునుంచి చివరిదాకా ఒక్క ఊపులో పాడాలి. తప్పు పడితే మొత్తం మళ్లీ పాడాలి.

ఇక్కడే నా కడుపుమంట. ఇవాళ కవర్ పేరుతో వస్తున్నవాటిలో ఎన్నింటిలో చేతి పని ఉంది? గొంతు శ్రుతిని యంత్రం సరిచేస్తుంది. గిటారు నాలుగు సెకన్లు వాయిస్తే, ఆ ముక్కనే అతికి అతికి మూడు నిమిషాలు చేస్తారు. పెదాలు ఒకచోట, వేళ్లు ఒకచోట కదిలే వీడియోకి పసుపు దీపాల వెలుతురు. ఎలిజబెత్ కాటన్ పాట వాయిస్తూ ఆవిడ పేరైనా ఎత్తరు. ఈ మోసానికి లక్షల్లో చూపులు పడుతుంటే, రెండు నెలలు కూర్చుని బొటనవేలు దిద్దుకున్న పిల్లకు పాతిక మంది శ్రోతలు. ఇది అన్యాయం. ఈ మాటలో మెత్తదనం తేవడం నాకు చేతకాదు.

మన జానపదాలకైతే ఇంకా పెద్ద ద్రోహం జరుగుతోంది. బిరుదురాజు రామరాజు లాంటివాళ్లు ఊరూరా తిరిగి సేకరించిన పాటలు, వింజమూరి అనసూయ, సీత రేడియోకెక్కించి ఇంటింటికీ చేర్చిన వరసలు ఉన్న జాతి మనది. ఆ పాటల మీద ఇవాళ ఒకటే డీజే దరువు పోసేస్తున్నారు. ఊడ్పు పాటకీ అదే, జోలపాటకీ అదే. గిటారు పట్టిన మన పిల్లలైనా కాపాడతారనుకుంటే, వాళ్లు సినిమా పాటల నాలుగు కార్డ్‌లు తెచ్చి తగిలిస్తున్నారు. మన పల్లె వరసలకు కార్డ్‌లతో పని లేదు, ఆధార షడ్జమం కావాలి. దానికి సరిపోయే తీగల శ్రుతి ఇంగ్లండ్ వాద్యకారుల దగ్గర సిద్ధంగా ఉంది. వాళ్లలో ఒకడైన డేవీ గ్రాహమ్ మొరాకోలో ఊద్ అనే తీగవాద్యం వాయించేవాళ్లతో కలిసి వాయించడానికి కనిపెట్టాడని చెప్పే, ఆరో తీగనుంచి వరసగా డి, ఏ, డి, జి, ఏ, డి. మన లెక్కలో స, ప, స, మ, ప, స. గాంధారం లేదు గనుక అది సాధారణమో అంతరమో గొంతే తేల్చుకోవచ్చు. ఆరో తీగను బొటనవేలితో నిలకడగా మీటుతూ మీ అమ్మమ్మ పాడిన దంపుడు పాట ఒక్కటి ఎత్తుకోండి, తంబురా మీద పాడినంత హాయిగా కూర్చుంటుంది.

అమ్మమ్మ ఉంటే ముందు ఆవిడ గొంతునే రికార్డు చేయండి. ఆ తర్వాతే మీ కవర్. రెండూ పక్కపక్కనే పెట్టండి. పాట కింద మొదటి వరుసలో ఆవిడ పేరు, ఆవిడ ఊరి పేరు రాయండి, మీ పేరు రెండో వరుసలో.