హితవు శాసనమైతే

మతగ్రంథాన్ని సాహిత్య విమర్శకుడు ముట్టుకోవచ్చునా అని అడిగేవారుంటారు. చదివినవారి మధ్య అర్థభేదం పుట్టిన ప్రతి రచనా విమర్శ పరిధిలోకి వస్తుందని నా అభిప్రాయం. మార్మన్ల ‘సిద్ధాంతము మరియు నిబంధనలు’ గ్రంథంలోని 89వ ప్రకరణం అలాంటిది. ‘జ్ఞానవాక్యం’ అని దానికి వాడుక పేరు.

1833 ఫిబ్రవరి 27న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, కర్ట్‌లండ్‌లో జోసెఫ్ స్మిత్ దీన్ని వెలువరించాడు. మద్యం, పొగాకు, ‘వేడి పానీయాలు’ వద్దంటుంది. మాంసం మితంగా తినమంటుంది. ధాన్యాన్నీ, ఆయా ఋతువుల్లో పండే పండ్లనూ మెచ్చుకుంటుంది. పాటించేవారికి చివర ఇచ్చిన హామీలో యెషయా, నిర్గమకాండాల ధ్వని స్పష్టంగా వినిపిస్తుంది.

మన ఆలంకారికులు ఉపదేశాన్ని ప్రభుసమ్మితం, మిత్రసమ్మితం, కాంతాసమ్మితం అని మూడుగా విభజించారు. ఈ ప్రకరణం తాను ఆజ్ఞను కాననీ, ఎంత బలహీనుడైనా అందుకోగల హితవుననీ మొదట్లోనే చెప్పుకుంటుంది. కనుక మిత్రసమ్మితం. హీబర్ గ్రాంట్ అధ్యక్షుడుగా ఉన్న 1921లో దీన్ని పాటించడం ఆలయ ప్రవేశానికి షరతయింది. మిత్రుడి మాట ప్రభువు మాటయింది.

ఈ మార్పు బరువు యువ ప్రచారకుల మీద ఎక్కువగా పడుతుంది. 2012 నుంచి మగపిల్లలు 18 ఏళ్లకే రెండేళ్ల సేవకు బయలుదేరుతున్నారు. తోడును తామెంచుకోరు, ఎవరిని జతచేస్తే వారితోనే బస. అందువల్ల ఒకే ప్రకరణానికి రెండు అన్వయాలు ఒకే వంటగదిలో ఎదురుపడతాయి. కాఫీ, టీలు వద్దనడానికి కారణం కెఫీన్ అనుకున్న కుర్రవాడు కోలా కూడా ముట్టడు. గ్రంథంలో కెఫీన్ ఊసే లేదు కదా అంటాడు రెండోవాడు. కెఫీన్ ఉన్న కూల్ డ్రింకుల మీద నిషేధం లేదని 2012లో సంఘమే చెప్పింది. 2017లో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం వాటిని ప్రాంగణంలో అమ్మడం మొదలుపెట్టింది. అయినా పెరిగిన ఇంటి అలవాటు ఒక ప్రకటనతో పోదు.

నన్ను ఆకర్షించింది ‘వేడి’ అనే విశేషణానికి పట్టిన గతి. వేడి పానీయాలంటే టీ, కాఫీలని 1842లో హైరమ్ స్మిత్ అన్వయించాడు. 2019లో సంఘపు యువజన పత్రిక చల్లటి టీ, చల్లటి కాఫీ కూడా కూడవంది. దక్షిణ అమెరికాలో వేడిగా తాగే మాతేలో కెఫీన్ ఉన్నా అది నిషేధంలో చేరలేదు. వేడీ లెక్కలోకి రాలేదు, కెఫీనూ రాలేదు. ఆ రెండు మొక్కలే మిగిలాయి.

బెంగళూరు కేంద్రంగా ఈ సంఘం 1993లో మిషన్ ఏర్పరచింది కనుక ఈ మాట మన గడపకూ వచ్చింది. ‘వేడి పానీయాలు’ అని తెనిగిస్తే మిరియాల పాలూ, రాగిజావా అందులో పడతాయి. ‘హాట్ డ్రింక్స్’ అనే ఉంచితే మనవాళ్లకు స్ఫురించేది బ్రాందీ, విస్కీ! ఇంటికొచ్చినవారికి కాఫీ ఇవ్వకపోతే తప్పుగా భావించే మన ఇళ్లలో ఆ లోటా వద్దనడం ఎలాగన్నది ఆ కుర్రవాడికి మర్యాద సమస్య కూడా.

మాంసం వాక్యం మరీ విచిత్రం. చలికాలంలో, కరువులో మాత్రమే తినమన్న అర్థం ఒక కామా మీద నిలిచింది. ఆ కామా 1921 ముద్రణలో చేరింది. అది తీసేస్తే, ఆ కాలాలకే పరిమితం కానక్కరలేదనే విరుద్ధార్థం కూడా లాగవచ్చు. తెలుగు చేసేవాడు ఏదో ఒక పక్షం వహించక తప్పదు.

బలహీనుడికి హితవు చాలదు, కట్టుబాటు కావాలి అనవచ్చు. తాగుడు ఎన్ని కొంపలు ముంచిందో ఎరిగినవారు ఆ మాటను తేలిగ్గా తోసెయ్యలేరు, నేనూ తోసెయ్యను. నా అభ్యంతరం సగం చదువు మీదే. శాసనమయ్యాక నిషిద్ధ వస్తువుల జాబితా ఒక్కటే పరీక్షలో నిలిచింది. మాంసంలో మితం, ధాన్యం, ఋతువు అనే మాటలు ఎవరిష్టానికి వారికి వదిలేశారు. రచనలో ఆలోచన ఉన్న భాగం అదే.

అందుచేత ఆ ఇద్దరు కుర్రవాళ్లు కోలా సీసా ముందు వాదించుకుంటే, విశ్వాసం సన్నగిల్లిందని పెద్దలు బెంగపడనక్కరలేదు. ఆ వాదం సీసా దగ్గర ఆగకుండా మాంసం వాక్యం దాకా, ధాన్యం దాకా సాగితే, ప్రకరణాన్ని పూర్తిగా చదివినవారు వాళ్లే అవుతారు.