ఐదో రోజు లెక్క

ఎంబ్రియాలజిస్టు ఉద్యోగమంటే రోజంతా మైక్రోస్కోపులో కళ్లు పెట్టుకుని కూర్చోవడమే అనుకుంటారు చాలామంది. నిజానికి మా పనిలో సగం చూడకుండా ఉండటమే. అండం, శుక్రకణం కలిశాక 16 నుంచి 18 గంటల మధ్య ఇంక్యుబేటర్లోంచి డిష్ బయటికి తీసి చూస్తాం. రెండు కేంద్రకాలు పక్కపక్కన కనిపిస్తే ఫలదీకరణ సవ్యంగా జరిగినట్టు. ఆలస్యం చేస్తే అవి కరిగిపోతాయి, ఇక ఆ సంగతి తేల్చుకోలేం. అది అయ్యాక చెయ్యి కట్టేసుకోవాలి. తలుపు తీసిన ప్రతిసారీ ఇంక్యుబేటర్లో 37 డిగ్రీల వేడి, కొలిచి నింపిన వాయువులు చెదురుతాయి. బయటి గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్‌ని లోపల 5 శాతానికి దించి పెడతాం. తల్లి కడుపులో ఉండేదీ తక్కువే మరి. కొత్తగా చేరిన పిల్లలకి నేను ముందు నేర్పేది తలుపు మూయడం.

మొదటి మూడు నాలుగు రోజులు పిండం పెద్దదవదు. అండం వెడల్పు మిల్లీమీటరులో పదో వంతు, కాస్త అటూ ఇటూ. రెండో రోజుకి నాలుగు కణాలు, మూడో రోజుకి ఎనిమిది. కానీ అన్నీ జోనా అనే ఆ గుండ్రటి పొర లోపలే, విడిపోయిన కొద్దీ చిన్నవవుతూ. ఖర్చంతా తల్లి అండంలో దాచిపెట్టిన సరుకు మీదే. నాలుగు, ఎనిమిది కణాల మధ్య ఎక్కడో పిండం సొంత జన్యువులు పనిలోకి దిగుతాయి. అప్పటిదాకా ముచ్చటగా వచ్చి, అక్కడ ఆగిపోయేవి ఎన్నో. ఎందుకు ఆగిందండీ అని దంపతులు అడుగుతారు. ప్రతిసారీ చెప్పగలిగే జవాబు ఉండదు.

నాలుగో రోజు కణాలు ఒకదాన్నొకటి హత్తుకుని హద్దులు చెరిపేసుకుంటాయి. లెక్కపెట్టడం కుదరదు. మార్కులు వేయడానికి తక్కువ అవకాశం ఉన్న రోజు కాబట్టేమో, నాకు అది ఇష్టం.

ఐదో రోజు అసలు కదలిక. బయటి వరుస కణాలు సోడియాన్ని లోపలికి తోడతాయి, దాని వెంట నీరు వస్తుంది. కణాల మధ్య సందులు బిగుసుకుని ఉంటాయి గనుక ఆ నీరు వెనక్కి పోదు. లోపల ఖాళీ పెరుగుతుంది, పిండం పొంగుతుంది, జోనా పలచబడుతుంది, చివరికి దాన్ని చీల్చుకుని బయటికొస్తుంది. లోపల ఒక పక్కకి చేరిన ముద్ద బిడ్డవుతుంది, బయటి వరుస మాయలో భాగమవుతుంది. దీన్నే బ్లాస్టోసిస్ట్ అంటాం.

1999లో గార్డ్‌నర్, స్కూల్‌క్రాఫ్ట్ దీనికొక కొలత ఇచ్చారు. పొంగు ఎంతో చెప్పడానికి 1 నుంచి 6 దాకా అంకె, లోపలి ముద్దకో అక్షరం, బయటి వరుసకో అక్షరం. పనికొచ్చే పద్ధతే, నేనూ రోజూ రాస్తాను. చిక్కల్లా ఆ కాగితం కౌన్సెలింగ్ గది దాటాక వస్తుంది. ‘మాది 4ఏఏ అండీ, వాళ్లది 3బీబీ’ అని వెయిటింగ్ హాల్లో ఎంసెట్ ర్యాంకుల్లా చెప్పుకుంటారు. 3బీబీతో పుట్టి బడికి వెళ్తున్న పిల్లలున్నారు. 4ఏఏ నిలవని నెలలూ ఉన్నాయి.

ఆ అంకె ఒక్క క్షణానిది. ఇంక్యుబేటర్ లోపలే కెమెరా ఉండే టైమ్‌లాప్స్ వచ్చాక తెలిసిందేమిటంటే, బ్లాస్టోసిస్ట్ నిలకడగా పొంగుతూ పోదు. ఉన్నట్టుండి కుంగుతుంది, గంటల్లో మళ్లీ పొంగుతుంది. కుంగిన ఘడియలో చూసినవాడు ఒక అంకె వేస్తాడు, కాసేపాగి చూసినవాడు ఇంకొకటి. ఫ్రీజ్ చేసే ముందు, లోపలి నీరు మంచు స్ఫటికాలై కణాల్ని దెబ్బతీయకుండా, చాలా ల్యాబుల్లో లేజర్‌తో చిన్న రంధ్రం పెట్టి మేమే కుంగదీస్తాం. కరిగించాక కొన్ని గంటల్లో తనంతట తాను నీరు తోడుకుని లేచిందా, దాని మీద నా నమ్మకం. పాత కాగితం మీది గ్రేడ్ కన్నా ఆ లేవడమే నాకు ముఖ్యం.

ఇంగ్లండులో ఎడ్వర్డ్స్, స్టెప్టో, జీన్ పర్డీ 1971లోనే మనిషి బ్లాస్టోసిస్టుని గాజుపాత్రలో పెంచి చూపించారు. (పర్డీ పేరు చాలాకాలం పెద్దగా వినిపించలేదు; డిష్ ముందు కూర్చునేవాళ్ల గతి అంతేనేమో.) అయినా 1978 జులైలో ఓల్డమ్‌లో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీస్ బ్రౌన్ పుట్టింది ఎనిమిది కణాల దశలోనే గర్భంలోకి చేర్చిన పిండం నుంచి. ఐదో రోజు దాకా పెంచడం తెలిసినవాళ్లు ఆగలేదు.

ఐదో రోజు దాకా ఆగాలా వద్దా అనే తగవు మా ల్యాబులో ఇప్పటికీ ఉంది. రెండే పిండాలున్న దంపతులైతే మూడో రోజే గర్భంలోకి చేర్చేద్దామంటాను. కడుపులో నిలిచేది మా డిష్‌లో ఆగిపోతుందేమోనని భయం. నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి ఒప్పుకోదు. ‘ఆగేదైతే ఇక్కడే ఆగనివ్వండి, ఆవిడకి ఫలితం కోసం రెండు వారాల ఎదురుచూపైనా తప్పుతుంది’ అంటుంది. ఆ మాటకి నా దగ్గర సరైన ఎదురుమాట లేదు, నా భయమూ పోలేదు. కేసు వచ్చిన ప్రతిసారీ ఇద్దరి వాదనా డాక్టరు గారి ముందు పెడతాం, ఆయన దంపతుల్ని అడుగుతారు.