ఊరూ పేరూ ఉన్న చేపలు

అక్వేరియం దుకాణంలో రెయిన్‌బో చేపల ట్యాంక్ ముందు ఎవరూ ఎక్కువసేపు నిలబడరు. పక్కనే గప్పీలు, బెట్టాలు రంగులు ఒలకబోస్తుంటే ఇవి సత్తు రంగులో, బెదురుతూ ఒక మూలకు చేరి ఉంటాయి. అమ్మకానికి వచ్చేవి చాలావరకు పిల్లచేపలు. రంగు రావడానికి వాటికి ఎనిమిది నెలలో, ఏడాదో పడుతుంది. అప్పటికి బోస్‌మనీ మగచేప ముందు సగం నీలంగా, వెనక సగం నారింజగా, రెండు చేపల్ని కలిపి అతికించినట్టు తయారవుతుంది. ప్రెకాక్స్ అనే చిన్న రకం ఒళ్లంతా నీలిమెరుపు, రెక్కల చుట్టూ ఎరుపు. ఆ తరవాత కూడా మగవాటి వీపు ఎత్తు పెరుగుతూ, రంగు చిక్కబడుతూ పోతుంది. తొందరపడేవాళ్లు ఈ చేపల జోలికి పోకపోవడమే మంచిది.

వీటి పుట్టిల్లు ఆస్ట్రేలియా, న్యూగినీ. అక్కడ దాదాపు సరస్సుకొక రకం, ఏటికొక రకం. ఎర్ర రెయిన్‌బోది పాపువాలోని సెంటానీ సరస్సు. నీలం రెయిన్‌బోది పాపువా న్యూగినీ కొండల్లోని కుటుబూ సరస్సు. ప్రెకాక్స్‌ది మాంబెరామో నదీ ప్రాంతం. బోస్‌మనీది న్యూగినీ పడమటి కొసన ఉన్న అయమారు సరస్సుల ప్రాంతం. డచ్చి శాస్త్రజ్ఞుడు మారినస్ బోస్‌మన్ 1950లలో సేకరించిన నమూనాల ఆధారంగా అలెన్, క్రాస్ అనే ఇద్దరు 1980లో దానికి ఆయన పేరు పెట్టారు. ఆ రంగులు చూశాక ప్రపంచం ఊరుకోలేదు. ఆ దశకం చివరికల్లా అయమారు నుంచి మగచేపల్ని వేలకు వేలు పట్టుకుపోయారు. ఇవాళ దాని పేరు అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో ఉంది. మనకు దుకాణాల్లో దొరికేవి ఫారాల్లో పెంచినవి.

అయమారు సున్నపురాయి నేల. అందుకే అక్కడి నీరు క్షారగుణంతో, ఖనిజాలతో చిక్కగా ఉంటుంది. బకెట్ల మీద తెల్లటి పొర పేరుకునే బోరునీళ్లను తిట్టుకునే మన ఊళ్లవాళ్లు ఈ ఒక్క విషయంలో అదృష్టవంతులు. మెత్తటి నీళ్లు కోరే చేపలకు పనికిరాని నీరే బోస్‌మనీకి సరిపోతుంది. మునిసిపాలిటీ నీళ్లయితే క్లోరిన్ విరిచి పోయాలి. మూడు నాలుగు అడుగుల పొడవైన ట్యాంక్, ఆరుకు తగ్గని గుంపు, పైన గట్టి మూత కావాలి. ఇవి ఈదే చేపలు, ఎగిరే చేపలు కూడా. మన వేసవిలో నీరు మరీ వేడెక్కకుండా మూత పక్కకు జరిపి, ఆ ఖాళీ మీద వల పరిచి, చిన్న ఫ్యాన్ పెడితే చాలు.

అసలు పనితనమంతా గుడ్ల దగ్గర ఉంది. రెయిన్‌బో ఒకేసారి గుడ్లన్నీ పెట్టేసి చేతులు దులుపుకునే రకం కాదు. రోజుకు కొన్ని చొప్పున, రోజుల తరబడి పెడుతూనే ఉంటుంది. తెల్లవారి వెలుతురు ట్యాంక్ మీద పడగానే మగచేప రెక్కలు నిక్కించి ఆడచేప చుట్టూ తిరుగుతుంది. మూతి నుంచి వీపు దాకా ఒక తెల్లటి చార దీపంలా వెలిగి ఆరుతుంది. కాసేపటికి రెండూ పక్కపక్కన వణుకుతూ నాచులోకి దూసుకుపోతాయి. గుడ్డుకుండే జిగురు దారం దాన్ని ఆకుకు పట్టి ఉంచుతుంది.

నాచు బదులు పెంపకందార్లు ఊలు కుచ్చు వాడతారు. ముదురాకుపచ్చ అక్రిలిక్ ఊలును ఒక పుస్తకం చుట్టూ చుట్టి, ఒక అంచున ముడివేసి, రెండో అంచున కత్తిరించి, థర్మోకోల్ ముక్కకు కట్టి నీళ్లలో వేలాడదీస్తారు. కొత్త ఊలును ముందు మరిగించి రంగు వదలగొట్టాలి. జతకట్టించే ముందు ఆడామగల్ని కొన్నాళ్లు విడిగా ఉంచి, దోమ పిల్లపురుగులు, డాఫ్నియా పెట్టి బలపరచాలి. ఇక పొద్దున్నే కుచ్చు పైకి తీసి పోగులు విడదీస్తే గాజుపూసల్లాంటి గుడ్లు కనిపిస్తాయి. మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉన్నా వేళ్లతో తీస్తే చితకవు. తెల్లబడినవి పొదగవు, బూజు పట్టి పక్కవాటినీ పాడుచేస్తాయి కనక ఏరేయాలి. ఇరవై అయిదు డిగ్రీల నీటిలో వారం నుంచి పదిరోజుల్లో పిల్లలు బయటికొస్తాయి.

చాలామంది ఓడిపోయేది ఇక్కడే. పిల్ల నోరు చాలా చిన్నది. అప్పుడే పొదిగిన ఆర్టీమియా అనే ఉప్పునీటి పురుగు కూడా దానికి పెద్దదే. క్యాబేజీ ఆకో అరటితొక్కో నానబెట్టిన నీళ్లలో పుట్టే సూక్ష్మజీవులు, ఎండలో పచ్చబడిన నీరు మొదటి వారం దానికి అన్నం. ఇది గుడ్లు పొదిగాక మొదలుపెట్టే పని కాదు, కుచ్చు కట్టిన రోజే సీసా ఎండలో పెట్టాలి. పిల్లలు నీటి పైపొరలోనే తిరుగుతాయి కనక మేత కూడా అక్కడే ఉండాలి. వారం పదిరోజులు దాటాక ఆర్టీమియా పెట్టవచ్చు. మన కోస్తాలో రొయ్యల హేచరీలున్నాయి కాబట్టి ఆర్టీమియా గుడ్ల డబ్బాలు ఎలా ఉంటాయో అక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఇంతవరకూ చేయి తిరిగితే వచ్చే పనే. నిగ్రహం కావలసింది దీని తరవాత. రెయిన్‌బోలు జాతుల తేడా పట్టించుకోకుండా కలుస్తాయి. దగ్గరి జాతుల ఆడచేపలను పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పడం పాతకాపులకూ కష్టం. రెండు మూడు తరాలు కలిసి పెరిగితే ఆ సరస్సు రంగూ పోతుంది, ఈ సరస్సు రంగూ పోతుంది. అందాల కోసం రకరకాలు కలిపి పెంచాలనుంటే మగవాటినే కలపండి. గుడ్లు తీయాలనుకుంటే ట్యాంక్‌కు ఒకే రకం. అదీ ఒక్క జంట నుంచి కాదు. అనేక ఆడచేపల గుడ్లు, వేర్వేరు రోజులవి తీయాలి. మెరిసే పిల్లల్నే ఏరుకుంటూ పోతే వంకర వెన్నులు, పొట్టి ఒళ్లు తేలతాయి. శ్రద్ధగల పెంపకందారు చేపను ఇచ్చేటప్పుడు సంచి మీద జాతి పేరుతో పాటు ఏ సరస్సుదో, ఏ వాగుదో కూడా రాస్తాడు.

ఆ రాత విలువేమిటో క్వీన్స్‌లాండ్‌లోని ఈచమ్ సరస్సు చూపించింది. అగ్నిపర్వత బిలంలో ఏర్పడిన ఆ సరస్సు రెయిన్‌బోకు 1982లో శాస్త్రీయ నామం పెట్టారు. ఎవరో బయటి చేపల్ని తెచ్చి అందులో వదలడంతో ఆ దశకంలోనే అది సరస్సులోంచి మాయమైంది. ప్రకృతిలో అంతరించిందనే అనుకున్నారు. ఆ సరస్సు చేప మిగిలింది ఆస్ట్రేలియా న్యూగినీ ఫిషెస్ అసోసియేషన్ సభ్యుల వంటి అభిరుచిగల పెంపకందార్ల ట్యాంకుల్లో. మళ్లీ సరస్సులో వదిలి చూశారు. వేటాడే చేపలు అక్కడే ఉన్నాయి, నిలదొక్కుకోలేదు. తరవాత జన్యుపరీక్షల్లో అదే జాతి చుట్టుపక్కల వాగుల్లో ఉందని తేలింది.

ఇళ్లలో పెంచినవాళ్లే ఆ సరస్సు చేపను నిలబెట్టారు. నీళ్లలో చేపలు వదిలిన చెయ్యే దాన్ని సరస్సులోంచి తుడిచిపెట్టింది. మన దగ్గర దెయ్యం చేప అంటున్న సక్కర్ చేప కూడా అక్వేరియంల దారిలోనే వచ్చి కృష్ణలో, చెరువుల్లో స్థిరపడి వలలు చింపుతోంది. గుడ్లు తీయడం పట్టుబడిన ఇంట్లో ఏడాది తిరిగేసరికి చేపలు పట్టనన్ని అవుతాయి. మిగిలినవాటిని చెరువుల్లో వదలకుండా తోటి పెంపకందార్లకో దుకాణానికో ఇవ్వండి. పుచ్చుకునేవాళ్లు లేకపోతే కుచ్చు తీసి ఎండబెట్టండి. ట్యాంక్‌లో రాలిన కాసిని గుడ్లను తల్లిదండ్రులే తినేస్తాయి.