గిడుగువారి సవర చదువు

గిడుగు రామమూర్తి పంతులుగారిని గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్ళు ఆయనను రెండు ముక్కలు చేస్తారు. వ్యావహారిక భాషకోసం పండితులతో పోరాడిన గిడుగు ఒకరు. కొండల్లో సవరలకు బళ్ళు పెట్టిన గిడుగు మరొకరు. మొదటివారిని ఉద్యమకారుడంటారు, రెండవవారిని దయామయుడంటారు. ఏటా ఆగస్టు 29న జరిగే జయంతి సభల్లో నేను విన్నంతవరకు మొదటి గిడుగుకు గంటసేపు, రెండవ గిడుగుకు అయిదు నిమిషాలు. ఈ విభజన తప్పని నా వాదం. సవరభాష నేర్చుకోవడాన్ని ఆయన చేసిన పుణ్యకార్యాల జాబితాలో వేసి ఊరుకోరాదు. ఆయన భాషాదృష్టికి ఉన్న పునాదుల్లో అది ముఖ్యమైనది.

1863లో పుట్టిన రామమూర్తిగారు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరారు. చుట్టూ కొండలు, కొండలమీద సవరలు. సంతకు దిగివచ్చే సవరకు తెలుగో ఒరియానో రావాలి. షావుకారుకు సవర రానక్కరలేదు. వచ్చినా బేరానికి సరిపడే నాలుగు ముక్కలే. కొండవాడే పల్లపువాడి భాష నేర్చుకోవాలన్నది ఆనాటి సంఘనియమం. పంతులుగారు దీన్ని తలక్రిందులు చేశారు. రెండు భాషలూ తెలిసిన ఒక సవరను తన యింట పెట్టుకొని, అతని నోట ఆ భాష నేర్చుకున్నారు. బ్రాహ్మణ గృహంలో ఒక సవర గురుస్థానంలో కూర్చోవడం ఆ కాలానికి చిన్న సంగతి కాదు. అయితే ఆ గురువు పేరు ఏ జయంతి సభలోనూ నా చెవిని పడలేదు. శిష్యుని పటానికి మాత్రం దండలు వేస్తున్నాం.

ఇంతకూ ఆ భాష ఎటువంటిది? అది మన ద్రావిడ కుటుంబంలోది కాదు, సంస్కృతంతో దానికి చుట్టరికం లేదు. ముండా శాఖకు చెందినది. కర్మపదాన్ని క్రియాపదంలోనే ఇముడ్చుకోగలదు. మనం వాక్యంగా పరచి చెప్పేదాన్ని సవర ఒక్కొక్కప్పుడు ఒకే పదంగా చెప్పగలడు. నాడు దానికి సొంత లిపి లేదు. ఇది సాధువు, ఇది గ్రామ్యం అని తేల్చే పండితుడూ లేడు. అయినా ఏది సవర పలుకుబడో ఏది కాదో మాట్లాడే ప్రతివాడికీ తెలుసు. నియమమంతా జనం నోటనే ఉంది. ఈ అనుభవం పొందిన మనిషి ఇంటికి తిరిగివచ్చి, తన తల్లి మాట్లాడే తెలుగును ఎవరైనా గ్రామ్యమంటే ఊరుకోగలడా? వ్యావహారిక భాషకోసం ఆయన సాగించిన వాదాలూ, 1919లో నడిపిన ‘తెలుగు’ పత్రికా నాకు ఈ వెలుగులోనే బాగా అర్థమవుతాయి. శాసన పరిశోధనా, పాశ్చాత్య భాషాశాస్త్రమూ ఆయనకు తోడ్పడ్డాయి, కాదనను. కాని శాస్త్రం చెప్పినదానికి సాక్ష్యం ఆయన చెవిలోనే ఉంది. ఆ చెవికి ఆయన మూల్యం కూడా చెల్లించారు: మన్యపు జ్వరానికి విపరీతంగా వాడిన క్వినైన్ ఆయన వినికిడిని పోగొట్టింది.

దీనికొక ఆక్షేపణ ఉంది. 1931లో వచ్చిన సవర వ్యాకరణమూ, 1933, 1938లలో వచ్చిన నిఘంటువులూ ఇంగ్లీషుతో ముడిపడినవే. ఏలుబడికి పనికివచ్చే గ్రంథాలు గదా అవి అని కొందరంటారు. ఇందులో కొంత నిజం ఉంది. దొరలూ మన భాషలు నేర్చి పరీక్షలు ప్యాసైనవాళ్ళే. భాష వచ్చినంతమాత్రాన ఎవరూ ఆ జనంలో మనిషి కాలేరు. నేర్చుకున్నది తిరిగి ఎటు పోయిందన్నదే నా గీటురాయి. పంతులుగారు ఆ భాషలో పిల్లలకు వాచకాలు తయారుచేశారు, సొంత డబ్బుతో బళ్ళు నడిపారు. ప్రభుత్వం బహుమానం ఇవ్వబోతే దానితో సవరలకు బడి పెట్టమన్నారని ఆయన జీవితకథలు చెబుతాయి. కనుకనే షావుకారు నేర్చిన నాలుగు ముక్కలకూ ఈయన చదువుకూ పోలిక లేదు.

అయినా ఈ ఆత్మీయతకొక హద్దు ఉంది. దాన్ని దాచడం విమర్శ కాదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, పంతులుగారు నిరసనతో ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వైపు వచ్చేశారు. తెలుగువాడిగా ఆయన బాధ న్యాయమైనదే. కాని తెలుగువాళ్ళూ ఒరియావాళ్ళూ తగవులాడుకున్న ఆ సరిహద్దు విషయంలో సవరను అడిగినవారెవరు? వాళ్ళు గీతకు ఇరువైపులా మిగిలిపోయారు. అదే 1936లో మంగేయి గొమాంగో అనే సవర తమ భాషకు సొరాంగ్ సొంపెంగ్ లిపిని రూపొందించారు. ఎంత ప్రేమించి నేర్చుకున్నా మనం ఆ ఇంటికి చుట్టాలమే, ఇల్లు వాళ్ళది. ఈ మర్యాద తెలియని భాషాభిమానం చివరకు పెత్తనంగా మారుతుంది.

2011 జనాభా లెక్కల్లో సవర మాతృభాషగా గలవారు నాలుగు లక్షలకు పైగా ఉన్నారు. సీతంపేట కొండల్లో పనిచేసే ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే. బడి తెరిచిన మొదటి నెల నల్లబల్లమీద పిల్లలు చెప్పిన మాటలు వ్రాయండి. మీ ఉచ్చారణకు వాళ్ళు నవ్వితే నవ్వనీయండి, దిద్దితే దిద్దించుకోండి. తెలుగు వాచకం ఆ తరువాత తెరవవచ్చు. పంతులుగారి జయంతిని అలా జరిపిన బడి ఒక్కటున్నా, నేను అక్కడికి వచ్చి వెనుక బెంచీలో కూర్చుంటాను.