డైనమో నాడి పట్టే చేతులు

చెన్నై-కోల్‌కతా 16వ నంబరు జాతీయ రహదారి భోగాపురం, శ్రీకాకుళం, టెక్కలి, పలాస మీదుగా ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి పోతుంది. ఈ దారిలో రాత్రిపూట హెడ్‌లైట్లు మసకబారి, డాష్‌బోర్డు మీద ఎర్రటి బ్యాటరీ గుర్తు వెలిగిందంటే, కారును గట్టెక్కించేది ఆటో ఎలక్ట్రీషియనే.

చాలామంది కొత్త బ్యాటరీ కొనడానికి పరిగెడతారు. మంచి పనివాడు కొననివ్వడు.

ముందు మీటరు పెడతాడు. ఇంజను ఆపినప్పుడు నిండుగా చార్జయిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. స్టార్ట్ చేశాక చాలా కార్లలో అది 13.8 నుంచి 14.4 దాకా లేవాలి. లేవకపోతే అనుమానం ఆల్టర్నేటర్ మీదికి, అదే షెడ్డు వాళ్ల డైనమో మీదికి, మళ్లుతుంది. అప్పుడైనా తొందరపడడు. బెల్టు వదులైందా, టెర్మినళ్లకు చిలుము పట్టిందా అని చూస్తాడు. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో చిలుము త్వరగానే పడుతుంది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూసే పాత అలవాటును మాత్రం మానుకోవాల్సిందే. ఒక్కసారిగా ఎగసే వోల్టేజీకి డయోడ్లు కాలిపోవచ్చు.

ఇవన్నీ చూశాక డైనమో విప్పితే చూడాలి ఆ చేతి ఒడుపు! రోటర్‌ను బయటికి తీసి, బేరింగును వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకుంటాడు. గరగరమంటే పక్కన పెట్టేస్తాడు. స్లిప్ రింగుల మీది మసిని సన్నటి గరుకు కాగితంతో తుడిస్తే రాగి తళుక్కుమంటుంది. అరిగి గోరంత మిగిలిన కార్బన్ బ్రష్‌లు తీసి, కొత్తవి సోల్డర్ చేస్తాడు. డయోడు ప్లేటును ఒక్కో కాలు దగ్గరా మీటరుతో తడుముతాడు. కరెంటు ఒకవైపే పోవాలి, రెండు వైపులా పోతే ప్లేటు మార్చాల్సిందే. మొత్తం డైనమో కొనాల్సిన చోట కొద్దిపాటి సామానుతో పని కానిచ్చే ఈ నేర్పుకు ఎంత విలువ కట్టినా తక్కువే.

బిగించాక ఏసీ, హెడ్‌లైట్లు అన్నీ వేయించి, మళ్లీ మీటరు పెడతాడు. 14 దగ్గర ముల్లు నిలిస్తేనే బానెట్ మూస్తాడు.